కుమ్హారి పిల్లలు, గ్రాంటు డబ్బు, పక్కన కూర్చునే మనిషి
(రఘుపతి వెంకటరత్నం నాయుడు స్మారకోపన్యాస పాఠం, కుమ్హారి)



రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి పేరిట కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉపన్యాసం పెడితే ఎందుకని ఎవరూ అడగరు. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్‌కీ భిలాయ్‌కీ మధ్య, హైవే పక్కన ఉన్న కుమ్హారిలో ఎందుకు అని మాత్రం కొందరు అడిగారు. నా మటుకు నాకు ఇంతకంటే తగిన ఊరు కనిపించలేదు. నాయుడుగారు 1862లో మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి సైన్యంలో సుబేదారు. ఆయన కొలువు వెంట కుటుంబం నడిచింది కాబట్టి పిల్లవాడి చిన్నతనం ఉత్తరాదిన గడిచింది. హిందీ, ఉర్దూ, పారశీకం ఆ వయసులోనే అబ్బాయి. ఇంట్లో ఒక మాట, వీధిలో ఇంకో మాట, పలక మీద మరో మాట. తండ్రి పని ఎక్కడ దొరికితే పిల్లల చదువు అక్కడ. ఇవాళ ముందు వరసలో కూర్చున్న మన తెలుగు పిల్లల సంగతీ అదే.

1904 నుంచి 1919 దాకా ఆయన కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలు. ఆయన మాట మీద పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు ఆడపిల్లలకూ, ఆ రోజుల్లో పంచములని పిలిచిన విద్యార్థులకూ ఫీజు తీసేశారు. అనాథ శరణాలయానికీ, హాస్టలుకూ డబ్బిచ్చారు. నాయుడుగారు తన జీతంలో ఇంటికి తప్పనిసరి అయినంత ఉంచుకుని మిగతాది పేద పిల్లల చదువుకు పెట్టేవారు. తరవాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, సర్ బిరుదు వచ్చింది. ఆ అలవాటు మాత్రం మారలేదు. ఆయన దానగుణాన్ని పొగడటానికి నేను రాలేదు. ఆయన పద్ధతిలో ఒక సంగతి మీ ముందు పెట్టాలని వచ్చాను. డబ్బు తీసుకునే విద్యార్థి ఎవరో, ఎక్కడ పడుకుంటున్నాడో, ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో ఆయనకు తెలుసు. డబ్బు వెంట ఒక మనిషి వెళ్లేవాడు. ఇప్పటి గ్రాంటుల్లో డబ్బు వెళ్తోంది, మనిషి వెళ్లడం లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

ముందు ఈ ఊరి పిల్లల సంగతి చూద్దాం. మనవాళ్లు ఇక్కడికి రైలు వెంట వచ్చారు. 1930ల తొలినాళ్లలో విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు ఈ దిక్కు దగ్గరైంది. 1955 ఫిబ్రవరి 2న భిలాయ్ ఉక్కు ప్లాంటు కట్టడానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నడిమి నాలుగేళ్లలో మట్టి మోసినవాళ్లలో, ఇనుము వంచినవాళ్లలో మనవాళ్లు ఎంతమందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. పర్మనెంటు ఉద్యోగం దొరికినవాళ్ల పిల్లలు భిలాయ్ టౌన్‌షిప్ సెక్టార్లలో ప్లాంటు కట్టించిన బడుల్లో చదివారు. ఇంజినీర్లయ్యారు, డాక్టర్లయ్యారు. దొరకనివాళ్లు చరోదా, కుమ్హారి వైపు బస్తీల్లో ఉండి ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద రోజుకూలికి వెళ్లారు. ఇవాళ ఠేకా పనే ఎక్కువ. ఒకే జిల్లా నుంచి, ఒకే రైల్లో దిగిన రెండు కుటుంబాల్లో ఒకరి మనవడు ఐఐటీ కోచింగులో ఉన్నాడు, ఇంకొకరి మనవడు అయిదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నాడు. తెలివిలో ఇద్దరికీ తేడా లేదు. తాత పేరు ఏ రిజిస్టరులో పడిందన్నదే తేడా.

ఆ చదవలేకపోవడం ఒక్క కుమ్హారిది కాదు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం మన దేశపు పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో సగానికి కాస్త తక్కువ మందే రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవగలిగారు. ఇంటి భాష తెలుగు, వీధి భాష ఛత్తీస్‌గఢీ, పుస్తకం హిందీ అయిన పిల్లకు ఆ మెట్టు ఇంకాస్త ఎత్తు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆ మాటను నిజం చేయడానికి ఎవరో ఒకరు ఆ పిల్ల పక్కన తెలుగు తెలిసిన మనిషిగా కూర్చోవాలి.

ఇక కుల ధ్రువపత్రం. దీని బాధ ఈ సభలో తల్లులకు నేను చెప్పనక్కర్లేదు, కానీ గ్రాంటులిచ్చే కంపెనీల ప్రతినిధులు కూడా ఇవాళ వచ్చారు కనుక వివరంగా చెబుతాను. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ సర్టిఫికెట్టు కావాలంటే కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికే ఈ ప్రాంతంలో ఉన్నట్టు కాగితం చూపాలి. ఎస్టీకి ఆ తేదీ 1950 సెప్టెంబరు 6. ఓబీసీకి 1984 డిసెంబరు 26. ప్లాంటు ఒప్పందమే 1955లో జరిగింది. అంటే ప్లాంటు కట్టడానికి వచ్చిన దళిత కుటుంబం ఎంత ముందుగా వచ్చినా ఆ తేదీని అందుకోవడం అసాధ్యం. ఉక్కు తయారు చేసిన చేతులకు ఆ ఉక్కు కంటే పాత కాగితం ఉండాలన్నమాట.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో ఒక తెలుగు కుర్రవాడి కేసులోనే తేలింది. మర్రి చంద్రశేఖరరావు తండ్రికి తెనాలి తహసీల్దారు ఇచ్చిన ఎస్టీ పత్రం ఉంది. ఆ కోటాలోనే ఎరువుల కార్పొరేషన్‌లో ఉద్యోగం వచ్చింది. కుటుంబం బొంబాయి వెళ్లేనాటికి అబ్బాయికి తొమ్మిదేళ్లు. అక్కడే చదివి, పన్నెండో తరగతి పాసై మెడిసిన్ సీటు అడిగితే, ఈ రాష్ట్రంలో నువ్వు ఎస్టీవి కాదన్నారు. 1990 మే 2న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు హోదా ఉన్నవారికి వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ లాభం దానంతటది రాదంది. ఇలా వలస వెళ్లినవారి గురించి చట్టసభలు ఆలోచించాలని కూడా సూచించింది. ఆ ఆలోచన ఇంకా చట్టం కాలేదు. అక్కడా ఇక్కడా కూడా లెక్కకు రాని పిల్లలు మన బస్తీల్లో పెరుగుతున్నారు.

కోర్టు తీర్పు ప్రభుత్వ రిజర్వేషన్ గురించి. కంపెనీ ఇచ్చే గ్రాంటుకు ఆ నిర్బంధం లేదు. అయినా గ్రాంటు ఫారంలో కుల ధ్రువపత్రం, స్థానిక నివాస పత్రం అడిగే గడులు ప్రభుత్వ ఫారంనుంచి అలాగే దిగుతున్నాయి. ఏ పిల్ల కోసం ఆ డబ్బు తీశారో ఆ పిల్లనే ఆ గడి ఆపేస్తోంది. దాతలు ఆ గడి తీసేయడానికి ఏ శాసనమూ మార్చనక్కర్లేదు, ఫారం మారిస్తే చాలు. పిల్ల చదవగలదా లేదా, ఇంట్లో నెలకు ఎంత వస్తోంది, ఈ రెండూ అడిగితే పేదరికం ఎక్కడుందో తెలిసిపోతుంది.

డబ్బు లేదని ఎవరూ అనలేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. రాయపూర్ నుంచి దుర్గ్ దాకా ఈ దారి పొడవునా పొగగొట్టాలే. వాటి నీడన ఉన్న బడికి బల్లలు వచ్చాయి, రంగులు వచ్చాయి, స్మార్ట్ టీవీ వచ్చింది, ప్రారంభోత్సవం ఫోటో వచ్చింది. చదవడం రాలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి మన తెలుగు నేల మీదే ఒక గొప్ప పరీక్ష జరిగింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లో 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని ఒక పరిశోధన మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దానికి ముఖ్యులు. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి నడిపాయి. అందులో 100 బడులకు పిల్లవాడికి సుమారు 125 రూపాయల చొప్పున గ్రాంటిచ్చి, పిల్లలకు పనికొచ్చే సామగ్రి కొనమన్నారు. నోటుపుస్తకాలు, పలకలు, అభ్యాస పుస్తకాలు కొన్నారు. మొదటి ఏడు గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. ఆ ఏడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు తెలుసు. బడి ఇస్తుంది కదా అని ఇళ్లలో పుస్తకాలకు పెట్టే ఖర్చు తగ్గించారు. ఆ ఏడు గ్రాంటువల్ల చదువులో పెరుగుదల కనిపించలేదు.

ఆ తల్లిదండ్రులది తప్పని నేననను. కూలి ఇంట్లో పుస్తకం డబ్బు మిగిలితే నూనె ప్యాకెట్టు వస్తుంది, జ్వరం మాత్ర వస్తుంది. అది ఆ ఇంటికి సాయమే. కానీ దానికి చదువు గ్రాంటని పేరుపెట్టి, చదువు పెరిగిందని నివేదిక రాసుకోకూడదు. ఇల్లు ఎలాగో కొంటున్న వస్తువు మనమూ కొనిస్తే పిల్లకు మిగిలేది ఏమీ లేదు. ఇల్లు ఎంత తాపత్రయపడ్డా కొనలేనిది ఒకటుంది. అది రోజూ రెండు గంటలు ఆ పిల్ల మీద దృష్టి పెట్టే పెద్ద మనిషి. అదే పరిశోధనలో ఇంకో 100 బడులకు సామగ్రి బదులు ఒక అదనపు కాంట్రాక్టు టీచరునిచ్చారు. ఆ ఊరివాళ్లే, ఎక్కువ డిగ్రీలు లేనివాళ్లే. అక్కడ పిల్లలు మెరుగయ్యారు. ఆ టీచర్లు రెగ్యులర్ టీచర్లకంటే తక్కువ సెలవులు పెట్టారు. వాళ్లకిచ్చిన జీతం రెగ్యులర్ జీతంలో అయిదోవంతు కూడా లేదు. ఆ చవకతనాన్ని ఆదర్శమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఊరి మనిషి పనికొస్తాడని తేలింది, అతనికి బతికే జీతం ఇవ్వాలన్నది మన బాధ్యత.

ఇంతకు ముందే, ఈ శతాబ్దం మొదట్లో ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో ప్రథమ్ సంస్థ ఇలాంటి పనే చేసింది. బస్తీలోని అమ్మాయిలను బాలసఖులుగా పెట్టి, వెనకబడ్డ మూడు, నాలుగు తరగతుల పిల్లలను రోజుకు రెండు గంటలు తరగతి బయట కూర్చోబెట్టించింది. వాళ్లకిచ్చింది నెలకు 500, 750 రూపాయలు. అక్షరం రాని పిల్లకు అక్షరం, కూడిక రాని పిల్లకు కూడిక. నాలుగో తరగతి సిలబస్ జోలికి పోలేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కొలిచి చూస్తే అందరికంటే వెనకబడిన పిల్లలే ఎక్కువ లాభపడ్డారు. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. మూడో నాలుగో తరగతిలో పక్కన మనిషి కూర్చుంటే పిల్ల కోలుకుంటుందని ఆ లెక్కలు రుజువు చేశాయి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎం.వి. ఫౌండేషన్. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో పెట్టిన సంస్థ. శాంతా సిన్హాగారి నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టిలోనూ పొలాల్లోనూ ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. వాళ్లకొచ్చిన గ్రాంటుల్లో అధిక భాగం మనుషుల మీద పెట్టారు. ఊళ్లో కాస్త చదువుకున్న యువకులను కార్యకర్తలుగా తీసుకున్నారు. పని మానిపించిన పిల్లలను బ్రిడ్జి క్యాంపుల్లో నెలల తరబడి ఉంచి వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేశారు. యజమాని దగ్గరికి వెళ్లారు, సర్పంచి దగ్గరికి వెళ్లారు, తల్లి ఏడిస్తే ఆ అరుగు మీదే కూర్చున్నారు. ఈ పనిలో వస్తువులు తక్కువ, మనుషుల జీతాలు ఎక్కువ. ఆ పద్ధతిని తరవాత రాష్ట్ర ప్రభుత్వమే తీసుకుంది. 2003లో శాంతా సిన్హాగారికి మెగసెసే వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే మొదటి చైర్‌పర్సన్. పేరు ఒకరి స్మారకం, పని వేల ఇళ్లలో. స్మారకమంటే నాకు అలా ఉండాలనిపిస్తుంది.

ఇప్పుడు కంపెనీల మిత్రులతో రెండు మాటలు. సంస్థల అర్జీలు చదివే కమిటీల్లో నేను కూర్చున్నాను. బడ్జెట్టులో టాబ్లెట్లు అని రాస్తే ఎవరూ ప్రశ్న వేయరు. ట్యూటరు జీతం అని రాస్తే, పాలనా ఖర్చు ఎక్కువైంది, తగ్గించండి అంటారు. చట్టంలో 5 శాతం పరిమితి ఉంది నిజమే. అది కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు. బస్తీలో పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ జీతం పాలనా ఖర్చు కాదు, అదే అసలు పని. అలాగే ప్రాజెక్టు మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్లు కొనసాగించుకోవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. అయినా మార్చికి ముగిసే ఏడాది గ్రాంటులే ఎక్కువ. జులైలో డబ్బొచ్చి మార్చిలో ఆగిపోతే, పంతులమ్మ పిల్లల పేర్లు నేర్చుకునేసరికి సెంటరు మూతపడుతుంది. ఏడాదికి పది బడులకిచ్చే డబ్బుతో రెండు బడులకు నాలుగేళ్లు ఇవ్వండి.

పని ఫలించలేదని చెప్పే ధైర్యం కూడా దాతకే ఉండాలి. ఇంగ్లండులో 2011లో ప్రభుత్వం ఇచ్చిన 12.5 కోట్ల పౌండ్ల మూలధనంతో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ నిలబడింది. పేద పిల్లల చదువు ప్రాజెక్టులకు గ్రాంటులివ్వడం, ప్రతిదాన్నీ బయటివాళ్లతో కొలిపించి ఫలితాన్ని ప్రచురించడం దాని పని. చదరంగం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న ప్రాజెక్టుకు అది డబ్బిచ్చింది. లెక్కల్లో తేడా రాలేదని 2016లో అదే ప్రచురించింది. ఆ నివేదిక చదివినవాళ్లు ఇక ఆ ఖర్చు ఇంకోలా పెట్టుకోవచ్చు. మన దగ్గర ప్రతి ప్రాజెక్టూ విజయమే. అందుకే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ప్రతి గ్రాంటుకూ మొదటి రోజున ఒక పేరా చదివించి రాసుకోండి. ఆఖరి రోజున అదే పేరా చదివించి రాసుకోండి. ఆ రెండు కాగితాలూ బస్తీ గోడ మీద అతికించండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు సాయం చేస్తామంటున్నారని విన్నాను. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్లది వస్తుంది. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తరవాత పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు పంచడానికీ వీల్లేదు. ముందే తెలుసుకుని అడుగు వేయండి.

సర్కారు డబ్బులో ఒకటి మాత్రం మన పిల్లలు కుల పత్రం లేకుండానే అందుకోగలరు. 2008లో మొదలైన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రభుత్వ బడిలోనో ఎయిడెడ్ బడిలోనో చదవాలి. కుమ్హారిలో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎంతమంది ఈ పరీక్షకు కూర్చుంటున్నారో బడికి వెళ్లి అడగండి. ఆ పరీక్షకు తయారు చేయడానికి కావలసింది ఒక గది, ఒక మనిషి, కొన్ని నెలలు.

2024 ఏప్రిల్ 9 రాత్రి పని ముగించుకుని వస్తున్న కార్మికుల బస్సు ఈ కుమ్హారిలోనే మట్టి తవ్విన గుంతలో పడింది. కనీసం పన్నెండు మంది పోయారు. అలాంటి రాత్రి తరవాత ఒక ఇంట్లో పెద్దపిల్ల బడి మానేస్తే, వెళ్లి ఆ గుమ్మంలో నిలబడి, నీ ఫీజు, నీ బస్సు ఖర్చు ఈ ఏడాదికి మావి అని చెప్పగల చిన్న నిధి ఊళ్లో ఉండాలి. దానికి కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. తెలుగు కుటుంబాలు నెలకు కొంత వేసుకున్నా నిలుస్తుంది. తెలుగు పిల్లకే అని గిరి గీయకండి. పక్కింటి సాహు పిల్లా, సత్నామీ పిల్లా అదే గుంతల రోడ్డు మీద నడుస్తున్నారు.

ప్లాంటు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన అమ్మలు, అయ్యలు ఈ హాలులో ఉన్నారు. మీలో తెలుగు, హిందీ రెండూ వచ్చినవాళ్లు పేరు ఇవ్వండి. బస్తీలో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలను మీరు తయారు చేయండి. వాళ్ల జీతాన్ని కంపెనీ మిత్రులు నాలుగేళ్లకు ఒప్పుకోండి. అర్జీ నేను రాసిస్తాను. మొదటి పేజీలో మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదవలేకపోతున్న పిల్లల పేర్లు ఉండాలి. ఆ పేర్లు రాసుకోవడానికి రేపు ఆదివారం పొద్దున బస్తీకి వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు రండి.